కోడలి గొంతు

"కాస్త నెమ్మదిగా ఏడు," అన్నాడు సాపర్, గుడారం గుమ్మంలోంచి వంగి, భార్యకు మాత్రమే వినపడేలా.

కనిషాయ్ తల తిప్పలేదు. ఎదురుగా ఉన్న ఉన్ని గోడనే చూస్తూ కూర్చుంది. పక్కన అత్తగారు సాలియ్కా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతోంది. తెర వెనక మామగారు జుమాలి తెల్లగుడ్డ కింద పడుకుని ఉన్నాడు. పొద్దున టీ తాగుతూ గుండె పట్టుకుని పక్కకి ఒరిగినవాడు మళ్ళీ లేవలేదు.

"ఏమన్నాడు వాడు?" అడిగింది సాలియ్కా, ఊగడం ఆపకుండానే.

"ఏం లేదత్తయ్యా."

"నా చెవులింకా పోలేదే. నెమ్మదిగా ఏడవమన్నాడు. కన్నతండ్రి చచ్చి పడుంటే పెళ్ళాన్ని నెమ్మదిగా ఏడవమంటాడా?"

చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు టీ గిన్నెల్లోకి తలలు దించుకున్నారు. ఎవరూ ఏమీ ఎరగనట్టే ఉన్నారు గాని ఎవరూ గుక్క మింగడం లేదు.

అపార్ట్‌మెంట్ల మధ్య ఖాళీ జాగాలో, పిల్లల ఉయ్యాల పక్కన, మధ్యాహ్నానికల్లా గుడారం లేచింది. పొయ్యి మీద పెద్ద కళాయిలో వచ్చినవాళ్ళకి పెట్టే పిండి ముక్కలు, బోర్సోక్‌లు వేగుతున్నాయి. గుమ్మం బయట కొడుకులిద్దరూ నడుముకి గుడ్డ బిగించి, కర్రల మీద వాలి నిలబడ్డారు. ఎవరు గేటులో అడుగు పెట్టినా "అయ్యో, నా తండ్రీ!" అని గొంతెత్తి ఏడవాలి. ఆ ఏడుపు వినగానే లోపల ఆడవాళ్ళు శోకాలు అందుకోవాలి. వచ్చినవాళ్ళు గుడారం దాకా ఏడుస్తూ రావాలి. ఎప్పట్నించో ఉన్న పద్ధతే.

ఈసారి తేడా ఒక్కటే. లోపల శోకాలు తీస్తున్నది ఒపేరాలో కథానాయికగా పాడే కోడలు. ఎల్లుండి సాయంత్రమే కొత్త ఒపేరా మొదటి ప్రదర్శన. చిన్న కర్ర ఊపుతూ ఆ వాద్యబృందాన్ని నడిపేవాడు సాపర్.

వీధి చివరిదాకా వినిపిస్తున్న ఆ గొంతు కోసమే కొందరు పక్క వీధులనించి కూడా వస్తున్నారని సాపర్‌కి తెలుసు. వచ్చిన ప్రతివాడికీ ఆమె మళ్ళీ మొదటినించీ ఎత్తుకోవాల్సిందే.

"ఏరా తమ్ముడూ, కర్ర సరిగ్గా పట్టుకో," అన్నాడు అన్న ఓరోజ్. కొండల మీద గొర్రెలు కాచుకునే మనిషి. కబురందగానే గుర్రం మీద దిగి వచ్చాడు. "కర్ర పట్టుకుని నిలబడ్డం నీకు అలవాటైన పనేగా. దాంతోనే కదా బతుకుతున్నావ్!"

"ఇవాళొద్దన్నయ్యా."

"ఇవాళ కాకపోతే ఎప్పుడు? ఇందాకట్నించి చూస్తున్నా. నువ్వు ఏడవడం లేదు. లోపలి పాట వింటున్నావ్."

అన్న చెప్పింది నిజమే.

*

చీకటి పడకముందే ఫరీదా ఇస్కందరోవ్నా వచ్చింది. థియేటర్ డైరెక్టరు. నల్లశాలువా కప్పుకుని, గేటు దగ్గర్నించే ఏడుస్తూ వచ్చి, సాలియ్కాని కావలించుకుని, కనిషాయ్‌ని కావలించుకుని, కూర్చుంది. ఎవరో టీ అందించారు. తాగింది. ఇంకో గిన్నె అందించారు. అదీ తాగింది.

"మంచి మనిషి వదినా," అంది. "థియేటర్ ముందు లారీ ఆపుకుని ఎంతసేపైనా కోడలి కోసం కూర్చునేవాడు. లోపలికి రండి అన్నయ్యా, చలి అంటే, 'లోపలికొస్తే నిద్రొస్తదమ్మా' అనేవాడు."

సాలియ్కా తల ఊపింది. "నువ్వు దేనికొచ్చావో అది చెప్పు ఫరీదా."

"పరామర్శకే వచ్చాను వదినా."

"పరామర్శ అయింది కదా. రెండు గిన్నెల టీ కూడా అయింది. చెప్పు."

ఫరీదా గిన్నె కింద పెట్టింది. ఆమె వేళ్ళకి రంగు అంటుకుని ఉంది. తెరలకి రంగులేసే మనిషి పోయిన శీతాకాలమే ఊరొదిలి వెళ్ళిపోయాడు. పిండి గోనెలు విప్పి కుట్టి, వాటి మీద కొండలూ పూలచెట్లూ ఆవిడే వేస్తోంది.

"రాజధాని నించి పెద్దలు రేపు బయల్దేరుతున్నారు. కొత్త ఒపేరా చూపిస్తే థియేటర్ ఉంటుంది. లేకపోతే బజారుకిచ్చేస్తారు. ఇప్పటికే కింది హాల్లో కోట్లు అమ్ముతున్నారు. పైన మేం పాడుతుంటే కింద బేరాలు వినిపిస్తాయి. ఎల్లుండి ఒక్క సాయంత్రానికే కరెంటిస్తామన్నారు. వాళ్ళ కాళ్ళూ వీళ్ళ కాళ్ళూ పట్టుకుని ఒప్పించాను."

"ఇంకెవరితోనైనా పాడించు."

"ఎవరున్నారు? పాడే ఇంకో అమ్మాయి మాస్కో బజార్లో జాకెట్లు అమ్ముకుంటోంది. బాకా ఊదేవాళ్ళు సగం మంది జర్మనీ వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు కోట్లేసుకుని, చేతులు ఊదుకుంటూ వాయిస్తున్నారు. కనిషాయ్ లేకపోతే ఒపేరా లేదు వదినా."

"ఆ ఒపేరాలో నా కోడలు ఏం చేస్తుంది?"

ఫరీదా ఇబ్బందిగా కదిలింది. "మొదటి అంకంలో... పెళ్ళికూతురు."

"ఎర్రబట్టలా?"

"ఎర్రవే."

"నవ్వాలా?"

"నవ్వాలి. ఉయ్యాల ఊగుతూ పాడాలి."

బయట పొయ్యిలో కట్టెలు చిటపటమన్నాయి.

"రేపు మట్టి చేస్తారు," అంది సాలియ్కా. "ఆ మర్నాడు ఈ ఇంటి కోడలు ఎర్రబట్టలు కట్టి, ఉయ్యాలెక్కి, ఊరందరి ముందూ నవ్వుతుంది. అది చెప్పడానికే కదా వచ్చావ్?"

"వదినా, అంతమంది పిల్లలు ఆ థియేటర్ పేరు చెప్పుకుని తింటున్నారు."

గుమ్మంలో నిలబడి ఉన్న సాపర్ ఇక ఆగలేకపోయాడు.

"అమ్మా, బయట కళాయిలో వేగుతోందే, ఆ పిండి ఎక్కడిదనుకున్నావ్? జీతం బదులు థియేటరిచ్చింది. ఊరందరికీ నాన్న పేరు మీద పెడుతున్నది థియేటర్ తిండే."

ఆడవాళ్ళలో ఒకావిడ నోటి దాకా తీసుకెళ్ళిన బోర్సోక్‌ని మెల్లగా మళ్ళీ గుడ్డ మీద పెట్టేసింది.

"ఎంత మాటన్నావురా!" అంది సాలియ్కా. గొంతు పెంచలేదు. "ఇంటికొచ్చినవాళ్ళ నోటి దగ్గర ముద్ద లాగేశావ్." తర్వాత కోడలి వైపు తిరిగింది. "ఇన్నేళ్ళూ ఊరందరికీ పాడావ్. టికెట్టు కొన్నవాడికల్లా పాడావ్. నీ మామ ఒక్కసారీ టికెట్టు కొనలేదు. అందుకని ఆయనకి నెమ్మదిగా ఏడుస్తావా?"

కనిషాయ్ పెదవులు కదిలాయి. కానీ బయట ఓరోజ్ "అయ్యో, నా తండ్రీ!" అని ఎత్తుకున్నాడు. కొత్తగా ఎవరో వచ్చారు. ఆమె చెప్పబోయిన మాట శోకంలో కలిసిపోయింది.

*

మర్నాడు పొద్దున, మట్టి చేయడానికి ఇంకా వేళుండగానే ముల్లా వచ్చాడు. పాతాయన కాదు. విదేశంలో చదువుకుని ఈమధ్యే తిరిగొచ్చిన అబ్దిరషీద్. కుర్రవాడే గాని మర్యాద తెలిసినవాడు. గుమ్మంలో నిలబడి, చూపు నేల మీద పెట్టి మాట్లాడాడు.

"అమ్మా, కన్నీళ్ళు పెట్టుకోండి, తప్పులేదు. ఇలా గొంతెత్తి రాగాలు తీయకండి. పోయినవాళ్ళకి దానివల్ల బాధే."

"మా అత్త పోయినప్పుడు రాగం తీసే ఏడ్చాను. మా అమ్మ పోయినప్పుడూ ఏడ్చాను. అప్పుడెవరూ చెప్పలేదే!" అంది సాలియ్కా.

"అప్పట్లో చెప్పేవాళ్ళు లేరమ్మా."

"మరి ఇప్పుడు నీ అంతట నువ్వే వచ్చావా బాబూ? ఎవరైనా పిలిస్తే వచ్చావా?"

అబ్దిరషీద్ తడుముకున్నాడు. పక్కనున్న సాపర్ మొహం తిప్పుకున్నాడు.

"చావింట్లో అబద్ధం చెప్పలేను. మీ చిన్నబ్బాయి నిన్న సాయంత్రం వచ్చి పిలిచారు. పిలవకపోయినా ఇదే మాట చెప్పేవాణ్ణి."

ఓరోజ్ ఒక్క అంగలో వచ్చి తమ్ముడి కాలర్ పట్టుకున్నాడు. "మసీదు గుమ్మం ఎప్పుడైనా తొక్కావురా నువ్వు? ఇవాళ నీకు మతం గుర్తొచ్చిందా? నాన్న కోసం ఏడ్చేవాళ్ళ నోరు నొక్కడానికి గుర్తొచ్చిందా?"

"వదులన్నయ్యా! నాన్న మీద నాకు లేదా ప్రేమ? ఆ గొంతు ఇవాళ పోతే మళ్ళీ రాదు. థియేటర్ పోయాక ఎవరు తెచ్చిస్తారు? నువ్విస్తావా? నీ గొర్రెలిస్తాయా?"

ఓరోజ్ రెండో చేతిలో కర్ర పైకి లేచింది.

"దింపు," అంది సాలియ్కా.

కర్ర దిగింది.

"ముల్లాగారు చెప్పింది విన్నారుగా," అందామె ఆడవాళ్ళతో. "ఇక ఎవరూ ఏడవొద్దు. నేనూ ఏడవను. నా కొడుక్కి ఏది కావాలో అదే కానివ్వండి."

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊగడం కూడా మానేసింది.

అబ్దిరషీద్ మగవాళ్ళ వైపు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత గుడారంలో పరుచుకున్న నిశ్శబ్దం చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. చావు జరిగిన ఇంట్లో అలాంటి నిశ్శబ్దం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. గేటు దాకా వచ్చినవాళ్ళు లోపల్నించి ఏ శోకమూ వినపడక ఆగిపోయి, ఇల్లు తప్పామేమో అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లోపలికొచ్చాక కూడా గుసగుసలుగానే మాట్లాడుకున్నారు. "కొడుకులు కొట్టుకున్నారట." "కోడలు పాడనందిట." "టికెట్టు పెట్టమందేమో!"

ఆ చివరి మాట కనిషాయ్ చెవిన పడింది. కళ్ళు మూసుకుంది. పక్కనున్న అత్తగారి పగుళ్ళు పడిన చేతుల వైపు కూడా చూడలేదు.

అప్పుడొచ్చాడు బైసల్. జుమాలితో కలిసి కనుమదారిలో లారీ నడిపిన ముసలాయన. కాలు ఈడ్చుకుంటూ, గేటులోంచే "నా తమ్ముడా! నా జోడీగాడా!" అని ఏడుస్తూ వచ్చాడు. కొడుకులు ఏడ్చారు. గుడారం లోపలనించి ఏ జవాబూ లేదు. ముసలాయన సగం దారిలో ఆగిపోయాడు. ఇంకోసారి "తమ్ముడా!" అన్నాడు, సందేహంగా. లోపల ఎవరూ పలకలేదు. ఆయన నోరు తెరిచే ఉంది గాని ఏడుపు ఆగిపోయింది. ఎక్కడ నిలబడాలో తెలియనివాడిలా చుట్టూ చూశాడు.

కనిషాయ్‌లో ఏదో తెగిపోయింది. గొంతెత్తింది.

"మంచు కనుమ దాటినోడా, మామా,
నా గడప దాటి ఏడకెళ్ళావు?
లారీ దీపం ఆర్పకుండా, మామా,
నా కోసమని కాచుకున్నావు.
కూతురని పిలిచినోడా, మామా,
కోడలన్న మాట మరిచినోడా,
చలిలో ఇంటికి తెచ్చినోడా, మామా,
ఈ ఇంట్లో వదిలి ఎట్ట పోయావు?"

అది థియేటర్లో వినిపించే గొంతు కాదు. ఊపిరి ఎక్కడ తీయాలో, ఎక్కడ దాచుకోవాలో లెక్క లేదు. తల్లీ తండ్రీ లేక మేనత్త ఇంట్లో పెరిగిన పిల్ల, చిన్నప్పుడు కొండమీది పల్లెలో ముసలమ్మల పక్కన కూర్చుని నేర్చుకున్న గొంతు. గుండెల్లోంచి పైకి లేచి, గరగరలాడి, విరిగి, మళ్ళీ లేచింది.

బైసల్ గుడారం కొయ్య పట్టుకుని ఏడ్చాడు. ఆడవాళ్ళందరూ అందుకున్నారు. సాలియ్కా నోరు విప్పలేదు. కోడలి మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

జుమాలిని బయటికి తీసుకెళ్ళేదాకా కనిషాయ్ ఆపలేదు. ముల్లా వద్దనలేదు. మగవాళ్ళు పాడె ఎత్తినప్పుడు ఆమె గొంతు అన్నిటికన్నా పైకి లేచింది. ఆ పైన, అక్కడే, ఎండుకట్టె విరిగినట్టు తెగిపోయింది.

మిగతావాళ్ళకి అదీ ఏడుపులో భాగమే అనిపించింది. పాడె కొమ్ము భుజాన మోస్తున్న సాపర్ మాత్రం ఒక్క క్షణం ఆగాడు. వెనకనున్న ఓరోజ్ "నడు," అన్నాడు. నడిచాడు.

*

మగవాళ్ళు శ్మశానం నించి తిరిగొచ్చేసరికి కనిషాయ్ వంటింట్లో ఉంది. సాలియ్కా వేడిపాలల్లో గొర్రెకొవ్వు కరిగించి, గిన్నె ఆమె చేతుల్లో పెట్టింది.

"తాగు. గట్టిగా ఏడవమన్నాను గాని, ఇంతగా ఏడవమన్నానా?" మాట కటువుగానే ఉంది. గిన్నె కింద మాత్రం తన చెయ్యి కూడా ఆనించి పట్టుకుంది.

కనిషాయ్ తాగింది.

సాపర్ కోటు విప్పకుండానే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చేతులకి ఇంకా మట్టి ఉంది. వెనకే ఫరీదా కూడా వచ్చింది.

"ఒక్క స్వరం," అన్నాడు. "పైది. ఒక్కసారి పట్టు."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మెల్లగానే. నాకు తెలియాలి కనిషాయ్."

"చేతులు కడుక్కో ముందు," అంది సాలియ్కా.

"అమ్మా, ఒక్క నిమిషం! ఒక్క స్వరం!"

కనిషాయ్ గిన్నె కింద పెట్టింది. నోరు తెరిచింది. గాలి వచ్చింది. గాలి వెనకాల చిన్న గరగర వచ్చింది. ఇంకేమీ రాలేదు.

ఫరీదా శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాపర్ గోడకి చేరగిలబడి, అలాగే కిందికి జారి, నేల మీద కూర్చున్నాడు. మట్టి చేతుల్తోనే మొహం కప్పుకున్నాడు. నిన్నా ఇవాళా కర్ర మీద వాలి అందరితోపాటు ఏడ్చిన మనిషి ఇప్పుడు భుజాలు అదురుతుంటే, చప్పుడు లేకుండా ఏడ్చాడు.

సాలియ్కా కొడుకు ముందు నిలబడి చూసింది.

"ఇప్పుడు ఎవరి కోసం ఏడుస్తున్నావురా?" అంది. తిట్టలేదు. నిజంగానే అడిగింది. "మీ నాన్న కోసమా, దాని గొంతు కోసమా?"



కింద కారు ఆగిన చప్పుడయింది. ఓరోజ్ మెట్లెక్కి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మా, రాజధాని వాళ్ళు! రేపు వస్తారనుకున్నవాళ్ళు ఇవాళే వచ్చారు. సంగతి విని ముందు పరామర్శకే వచ్చారు. కారు దిగుతున్నారు."

ఫరీదా మొహం పాలిపోయింది. "కనిషాయ్ శోకం తీయకపోతే గొంతు పోయిందని వాళ్ళకి తెలిసిపోతుంది. ఇదే చాలు, రేపటిదాకా ఆగకుండా ఇవాళే థియేటర్ మూసేయమని సంతకం పెట్టేస్తారు."

ఎవరూ కదల్లేదు. సాలియ్కాయే మొదట కదిలింది. కోడలి చెయ్యి పట్టుకుని లేపింది.

"పద. నా పక్కన కూర్చో. గోడ వైపు తిరిగి తల వంచుకో. నువ్వు నోరు తెరవకు."

గేటు దగ్గర ఓరోజ్ ఏడుపు ఎత్తుకునేసరికి గుడారంలో శోకం లేచింది. సాలియ్కాకి అంత గొంతుందని ఇరుగుపొరుగెవరికీ తెలియదు. పొద్దున్నించి పంటి కింద నొక్కి ఉంచిందంతా ఒక్కసారి బయటపడింది. మొగుడి పేరు ఎత్తకుండా, "నా ఇంటాయనా, నన్ను ముసలిదాన్ని చేసి పోయినోడా" అంటూ, పక్కనున్న ఆడవాళ్ళ గొంతులన్నీ తన గొంతులో ముంచేసింది. కనిషాయ్ వంచిన తల ఎత్తలేదు.

ఇద్దరొచ్చారు. బొచ్చుటోపీ పెద్దమనిషి ఒకాయన, బొచ్చుకోటు వేసుకున్న ఆవిడ ఒకరు. కూర్చున్నారు. చేతులు చాచి దువా చేశారు. టీ తీసుకున్నారు.

"గేటు దగ్గరికే వినిపించింది," అందావిడ, కళ్ళు తుడుచుకుంటూ. నిజంగానే ఏడ్చింది. కనిషాయ్ వైపు వంగింది. "మీ గురించి చాలా విన్నాం. ఇంత దుఃఖంలో కూడా... ఆ గొంతు మీదే కదమ్మా?"

కనిషాయ్ తల ఎత్తింది. గుమ్మంలో సాపర్, అతని భుజం వెనక ఫరీదా, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"దానిదే," అంది సాలియ్కా.

పెద్దమనిషి తల పంకించాడు. "అయితే రేపు ముందు వరసలో కూర్చుంటాం. ఈ ఒక్క గొంతు కోసమైనా ఆ థియేటర్ ఉండాలేమో, చూద్దాం."

వాళ్ళు వెళ్ళారు. కారు వీధి మలుపు తిరిగింది. తర్వాత అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. ఆవిరి పట్టాలంది ఫరీదా. తెల్లారేసరికి సర్దుకుంటుందన్నాడు సాపర్, పైస్వరాలు కిందికి దింపి రాస్తానన్నాడు, వాద్యగాళ్ళని ఇప్పుడే పిలుస్తానన్నాడు. ఎర్రబట్టల మీద నల్లశాలువా కప్పుకుంటే ఎవరూ తప్పుపట్టరని పక్కింటావిడ అంది.

"చావింట్లో కూర్చుని అబద్ధమాడాను," అంది సాలియ్కా. "మీ కోసం కాదు. దాన్ని ఈ గుడారంలో అందరి ముందూ తలొంచుకునేట్టు చెయ్యలేక ఆడాను. ఇక రేపేం చేస్తారో మీరే చూసుకోండి."

"రేపు పాడుతుందమ్మా," అన్నాడు సాపర్. "ఎలాగోలా పాడుతుంది."

కనిషాయ్ అతని వైపు చూసింది. ఏదో అంది. గాలి తప్ప వినిపించలేదు. అందరూ ఆగి, దగ్గరికి వంగారు.

ఆమె మళ్ళీ అంది, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ.

"పాడతానని... నేనెప్పుడన్నాను?"